పోలీసు బొలెరోకు కొత్త యజమాని

పోలీసు శాఖ వాడి వదిలేసిన బొలెరోను చెన్నైలో ఒక మామూలు మనిషి కొనుక్కొని, తన పేరున రాయించుకొని, తన ఇంటి ముందు నిలుపుకోవచ్చునా అని నన్ను అడిగేవారిలో ఎక్కువమంది, కూడదనే జవాబును మనసులో పెట్టుకొనే అడుగుతారు. నిరభ్యంతరంగా నిలుపుకోవచ్చు. అందుకు ప్రత్యేకమైన లైసెన్సు గాని, శాఖలో తెలిసినవాళ్ల సిఫారసు గాని అక్కరలేదు. ప్రభుత్వం వేసిన బహిరంగ వేలంలో వాహనం కొన్న వ్యక్తి దాన్ని తన పేరుకు మార్చుకోవడానికి దరఖాస్తు పెట్టుకోవాలని 1988 నాటి మోటారు వాహనాల చట్టం 50వ సెక్షన్ విడిగా పేర్కొంటుంది. ఆ వేలం వేసింది వ్యవసాయ శాఖా, పోలీసు శాఖా అన్న భేదం ఆ సెక్షన్‌లో లేదు. కనుక కొనవచ్చునా అన్న దగ్గర నాకు పేచీ లేదు. ప్రభుత్వం ఆ బండిని ఎప్పుడు అమ్ముతున్నది, ఏ కాగితాలతో అమ్ముతున్నది అన్నచోటే నా పేచీ అంతా. ఇంకా తిరగగలిగే వాహనాన్ని షెడ్డు వెనక నిలబెట్టి, ఎండకూ వానకూ వదిలేసి, చివరికి తూకానికి అమ్మే పద్ధతి వల్ల ఖజానాకు ఒరిగేదీ లేదు, సెకండ్ హ్యాండ్ కారు కోసం వెదుక్కునే మధ్యతరగతి మనిషికి దక్కేదీ లేదు. గస్తీ పని నుంచి తప్పించిన వెంటనే, ఒంటి మీద ఒక్క పోలీసు గుర్తు మిగలకుండా, పూర్తి కాగితాలతో దాన్ని పౌరులకు అమ్మాలని నేనంటాను.

పెరంబూరులో మా ఇంటి ముందున్న డీజిలు బొలెరో అలా కొన్నదే. మా నాన్నగారు ఐసీఎఫ్‌లో ఉద్యోగం చేసిన కాలం నుంచీ మేము ఈ చుట్టుపక్కలనే ఉంటున్నాము. ఆ రైలు పెట్టెల కర్మాగారాన్ని నమ్ముకొని వచ్చిన తెలుగు కుటుంబాలు ఈ పేటల్లో ఇప్పటికీ కొన్ని ఉన్నాయి, కాబట్టి కారు గురించిన విచారణ కూడా తెలుగులోనే జరిగింది. “ఏం బాబూ, ఏదైనా కేసులో పట్టుకున్న బండా ఇది?” అని ఎదురింటి పెద్దాయన అడిగారు. ఆయన ఎగతాళికి అడగలేదు. పోలీసు వేలం అనగానే చాలామందికి ముందుగా తోచేది స్టేషను ఆవరణలో ముళ్లకంపల మధ్య తుప్పు పట్టిన మోటారు సైకిళ్లూ, గాలి పోయిన ఆటోలూ మాత్రమే.

నిజానికి పోలీసులు వేసే వాహన వేలాలు రెండు తెగలు. కేసుల్లో స్వాధీనం చేసుకున్నవి, హక్కుదారు ఎవరో తేలనివి, మద్య నిషేధ చట్టం కింద జప్తు చేసినవి ఒక తెగ. వీటికి అసలు యజమాని వేరొకరు. ఆర్సీ చాలాసార్లు దొరకదు. నంబరు పలక మీద ఉన్నది నిజమైన నంబరేనా అన్నది కూడా అనుమానమే. ఇలాంటి వాహనాలను ఏళ్ల తరబడి స్టేషన్లలో కుళ్లబెట్టవద్దని, తగిన పూచీకత్తు తీసుకొని త్వరగా విడుదల చేయాలని, హక్కుదారు రాకపోతే వేలం వేయించాలని 2002లో సుందర్‌భాయ్ అంబాలాల్ దేశాయ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. చెప్పి ఇన్నేళ్లయినా చెన్నైలో ఏ స్టేషను ముందు నుంచి నడిచినా ఆ శవాల వరస కనిపిస్తూనే ఉంటుంది. రెండవ తెగ, శాఖ తన డబ్బుతో కొని, తన డ్రైవర్లతో నడిపించి, ఇక చాలని కండెమ్ చేసిన సొంత వాహనాలు. వీటికి మొదటి యజమాని ఒక్కరే, అదీ శాఖే. లాగ్ బుక్కు ఉంటుంది, మరమ్మతుల రికార్డు ఉంటుంది, దొంగబండి అన్న భయం ఉండదు. నేను మాట్లాడుతున్నది ఈ రెండవ తెగ గురించే. మొదటి తెగలో కొనదలచినవారికి నేను ధైర్యం చెప్పలేను.

కండెమ్ అన్న మాట విని వెనక్కి తగ్గేవాళ్లు ఉన్నారు. ఆ మాటకు ప్రభుత్వ ఫైళ్లలో ఉన్న అర్థం ఒకటే: ఇక ఈ వాహనం మీద ప్రభుత్వ సొమ్ము ఖర్చు పెట్టడం గిట్టదని సాంకేతిక అధికారి ధ్రువీకరించాడు. వయసు, తిరిగిన దూరం, రాబోయే మరమ్మతుల అంచనా చూసి ఆ నిర్ణయం తీసుకుంటారు. ప్రభుత్వ వాహనాల బాగోగులు చూడడానికి తమిళనాడులో మోటారు వాహన నిర్వహణ శాఖ అని ప్రత్యేకంగా ఒక శాఖే ఉంది. పోలీసులకైతే సొంత మోటారు ట్రాన్స్‌పోర్టు విభాగం, సొంత వర్క్‌షాపులు ఉన్నాయి. రాత్రింబవళ్లు గస్తీ తిరగవలసిన వాహనానికి గిట్టని మరమ్మతు, వారానికి రెండుసార్లు కూరగాయలకూ గుడికీ పోయే వాహనానికి చక్కగా గిట్టవచ్చు. పోలీసు బండికి రెండో జీవితం ఇవ్వడానికి, నా దృష్టిలో ఈ కారణం ఒక్కటి చాలు.

ఇక కాగితాలు. మామూలుగా ఒకరి కారు మరొకరు కొన్నప్పుడు 29, 30 నంబర్ల ఫారాలు నింపుతాము. ప్రభుత్వ వేలానికి అవి కావు. కేంద్ర మోటారు వాహనాల నియమావళి 1989లోని 57వ నియమం ప్రకారం ఫారం 32 నింపాలి. వాహనం చేతికి వచ్చిన 30 రోజుల లోపల రిజిస్టరింగ్ అధికారికి దాన్ని ఇవ్వాలి. దానితోపాటు రుసుము, ఆర్సీ, ఇన్సూరెన్సు, వేలం నిర్వహించిన అధికారి సంతకం చేసిన అమ్మకపు ధ్రువీకరణ, ఆ వాహనాన్ని వేలం వేయడానికి అనుమతిస్తూ ప్రభుత్వం ఇచ్చిన ఉత్తర్వుకు సర్టిఫై చేసిన నకలు జతపరచాలి. ఈ జాబితాలో చివరిదాన్ని కొనుగోలుదారులు పట్టించుకోరు. డబ్బు కట్టిన రసీదు ఉన్నది కదా అనుకుంటారు. రసీదు మీరు డబ్బు కట్టారని చెబుతుంది. అమ్మినవాడికి అమ్మే అధికారం ఉన్నదని ఉత్తర్వు చెబుతుంది. వేలంపాట ముగిసిన మర్నాడు అధికారి బదిలీ అయిపోతే ఆ నకలు కోసం ఎన్ని గదుల చుట్టూ తిరగాలో ప్రభుత్వ కార్యాలయాలతో పని పడిన ఎవరికైనా తెలుసు. కాబట్టి బండి తాళంచెవి కంటే ముందు ఆ నకలు చేతికి తీసుకోవాలి.

ఇన్సూరెన్సు దగ్గర ఒక విచిత్రం ఉంది. వ్యాపార సంబంధం లేని పనులకు వాడే ప్రభుత్వ సొంత వాహనాలకు థర్డ్ పార్టీ ఇన్సూరెన్సు తప్పనిసరి కాదని చట్టం 146వ సెక్షన్‌లోనే మినహాయింపు ఉంది. నష్టపరిహారం కట్టవలసి వస్తే ప్రభుత్వమే కట్టుకుంటుందన్నది దాని వెనక తర్కం. కనుక వేలానికి వచ్చిన పోలీసు జీపుకు పాలసీ అన్నదే లేకపోవచ్చు. కాని అది పౌరుడి చేతికి వచ్చిన క్షణం నుంచి ఆ మినహాయింపు పోతుంది; ఇన్సూరెన్సు లేకుండా రోడ్డెక్కితే మొదటిసారికి ₹2,000 జరిమానా గాని, 3 నెలల దాకా జైలు గాని, రెండూ గాని పడవచ్చు. ప్రమాదం జరిగితే యజమాని మీద పడే పరిహారం మొత్తం ముందు ఈ జరిమానా లెక్కలోకే రాదు. అందువల్ల వేలం మైదానం నుంచి నేరుగా నడుపుకొని ఇంటికి రావాలన్న సరదా మానుకొని, లారీ మీద గాని, తాడు కట్టి లాగే బండితో గాని తెప్పించుకోవడం మంచిది. మా బొలెరో కూడా ఇంటికి అలాగే వచ్చింది. పన్ను సంగతీ ఇలాంటిదే. ప్రభుత్వ వాహనంగా ఉన్నప్పుడు దానికి ఉన్న మినహాయింపు కొత్త యజమానికి సంక్రమించదు. పాట పాడటానికి ముందే ఆర్టీఓ కార్యాలయంలో ఆ మోడలుకు, ఆ వయసుకు ఎంత కట్టవలసి వస్తుందో అడిగి, ఆ మొత్తాన్నీ, వేలం ధర మీద పడే జీఎస్టీనీ కలుపుకొని తన పరిమితి ఏమిటో నిర్ణయించుకోవాలి. పాటలో గెలిచినవాళ్లలో కొందరి ముఖాలు చీటీ చూశాక వాడిపోవడానికి కారణం ఈ రెండే.

ఇప్పుడు అసలు చిక్కుముడికి వస్తాను. ప్రభుత్వ వాహనాలకు 15 ఏళ్లు నిండాక రిజిస్ట్రేషన్ పొడిగించరాదని కేంద్ర రోడ్డు రవాణా శాఖ 2023 జనవరిలో నోటిఫికేషన్ ఇచ్చింది. ఆ ఏడాది ఏప్రిల్ 1 నుంచి అది అమలులోకి వచ్చింది. కేంద్ర, రాష్ట్ర ప్రభుత్వాలవే కాక మునిసిపాలిటీలు, ఆర్టీసీలు, ప్రభుత్వరంగ సంస్థల వాహనాలు కూడా ఆ పరిధిలోకి వస్తాయి. 15 ఏళ్లు నిండినవాటిని రిజిస్టరైన తుక్కు కేంద్రాల ద్వారానే వదిలించుకోవాలి. దేశరక్షణకు, శాంతిభద్రతలకు వాడే కవచ వాహనాలకూ ఇతర ప్రత్యేక వాహనాలకూ మినహాయింపు ఉంది గాని, వీధుల్లో తిరిగే గస్తీ బొలెరోను ఏ వకీలూ కవచ వాహనమని వాదించలేడు. అదే బొలెరో నా పేరున ఉంటే దాని కథ వేరు. సొంత కారుకు 15 ఏళ్లు నిండితే ఫిట్‌నెస్ పరీక్షకు నిలబెట్టి, 2022 ఏప్రిల్ నుంచి ₹5,000కు పెరిగిన రుసుము కట్టి, 5 ఏళ్లకు పొడిగించుకోవచ్చు. అంటే ఒకే షోరూములో ఒకే రోజున ఒకటి పోలీసులకూ, ఒకటి పెరుమాళ్ల గుడి పూజారిగారికీ అమ్మిన రెండు బొలెరోలలో, ఒకటి 15వ ఏట చట్టరీత్యా ఇనుమవుతుంది, రెండవది పరీక్ష నెగ్గితే కారుగానే కొనసాగుతుంది.

ప్రభుత్వం తన పాత వాహనాల విషయంలో కఠినంగా ఉండటాన్ని నేను తప్పు పట్టను. పొగ కక్కే లారీలను, బ్రేకులు పట్టని వ్యానులను ఎవరో ఒకరు ముందుగా ఆపాలి. అది ప్రభుత్వంతోనే మొదలు కావడం సబబే. కాని ఈ నియమం వచ్చాక వాహనాన్ని అమ్మే తేదీ మీద శాఖలు రెట్టింపు శ్రద్ధ పెట్టవలసింది. 13వ ఏట పక్కన పెట్టిన జీపు ఫైలు రెండేళ్లు ఒక బల్ల మీద ఆగితే చాలు, కారుగా అమ్ముడుపోగలిగింది కిలోల లెక్కన పోతుంది. ఆ రెండేళ్లలో శాఖకు దానివల్ల ఒక్క కిలోమీటరు పని జరగదు. ఆ నష్టం ఏ ఆడిట్ కాగితంలోనూ కొట్టవచ్చినట్టు కనిపించదు, ఎందుకంటే ఎక్కువ ధరకు అమ్మగలిగిన రోజున ధర ఎంత ఉండేదో ఎవరూ రాసిపెట్టరు.

హైదరాబాదు సంగతి తెలుగువాళ్లకు బాగా తెలుసు కనుక ఆ ఉదాహరణే తీసుకుందాము. 2014 ఆగస్టులో తెలంగాణ ప్రభుత్వం నగర పోలీసులకు ఇన్నోవా గస్తీ వాహనాలు ఇచ్చింది. తెల్లటి ఆ కార్లు అప్పట్లో ఊరంతా చర్చ. వాటిలో ఇంకా శాఖ పేరున మిగిలి ఉన్నవాటికి 2029లో 15 ఏళ్లు నిండుతాయి. ఇన్నోవా అంటే మన దక్షిణాదిలో లక్షల కిలోమీటర్లు తిరిగినా కొనేవాళ్లు క్యూ కట్టే బండి. పదో ఏట ఒక్కొక్కటిగా వేలం వేస్తే నెల్లూరు నుంచీ, హోసూరు నుంచీ కూడా జనం వచ్చి పాడతారు. 15 నిండాక దాని విలువ తుక్కు కేంద్రం చెప్పినంత. చెన్నైలోనూ, హొయ్సళ గస్తీ బండ్లు తిరిగే బెంగళూరులోనూ లెక్క ఇదే. శాఖ పేరు మారుతుంది గాని క్యాలెండరు మారదు. పైగా 2017 ఏప్రిల్ నుంచి దేశమంతటా పొగ పరిమితుల్లో బీఎస్ 4, ఆ పై ప్రమాణం ఉన్న వాహనాలే అమ్మారు కాబట్టి, ఇప్పుడిప్పుడే గస్తీ నుంచి తప్పుకుంటున్న తరం వాటి కంటే పాతవాటిలా పొగకు పేరు పడినది కాదు. పర్యావరణం పేరు చెప్పి ఈ తరాన్ని కూడా 15 దాకా నిలబెట్టడంలో నాకు అర్థం కనిపించదు.

ఒక్కొక్కటిగా అన్న మాటను నేను కావాలనే అన్నాను. వాహనాలను గుంపులుగా లాటు కట్టి అమ్మితే ఒక్క కారు కావలసిన గృహస్థు ఆ మైదానంలో ప్రేక్షకుడుగా మిగిలిపోతాడు. లాటు మొత్తం కొనగలిగినవాళ్లు తుక్కు వ్యాపారులు మాత్రమే. వాళ్లు ఒకరినొకరు ఎరుగుదురు, ఎవరు ఎంత దాకా పాడతారో ముందే ఎరుగుదురు. వాళ్ల వ్యాపారాన్ని నేను చిన్నచూపు చూడటం లేదు. ఎగ్మూరు పక్కన పుదుపేట సందుల్లోకి వెళ్తే ఒక కారును ఎంత పొదుపుగా, ఎంత నేర్పుగా విడదీస్తారో తెలుస్తుంది. నా బొలెరోకు కావలసిన పాత తలుపు, అద్దం, సీటు పట్టాలు అక్కడి నుంచే వచ్చాయి. అయితే తిరగగలిగే కారు తుక్కుగా మారి, మళ్లీ ముక్కలుగా నాలాంటివాడికే చేరడం ప్రభుత్వం కోరుకోవలసిన దారి కాదు. ఇప్పుడు ఎంఎస్‌టీసీ వంటి వేదికల మీద ప్రభుత్వ వస్తువులు ఆన్‌లైన్ వేలానికి వస్తున్నాయి. వాహనాన్ని విడిగా ఎక్కించి, ఫోటోలూ ఆర్సీ తేదీ పెట్టి, చూసుకోవడానికి రెండు రోజులు గడువిస్తే చాలు, మైదానంలో గొంతు పెంచి పాడలేని మనిషి కూడా ఇంట్లో కూర్చొని పాడగలడు.

మరి ఆ బండి కొనదగినదేనా? ఈ ప్రశ్నకు జవాబు కిలోమీటర్ల మీటరులో దొరకదు. పోలీసు వాహనం రోజులో చాలా భాగం నిలబడే ఉంటుంది, ఇంజను మాత్రం నడుస్తూ ఉంటుంది. కూడలిలో, ఊరేగింపు పక్కన, మంత్రిగారి దారిలో గంటల కొద్దీ ఇంజను ఆపకుండా నిలబెడతారు. వైర్‌లెస్సు నడవాలి, దీపాలు వెలగాలి, ఏసీ ఉంటే అదీ నడవాలి. అమెరికాలో ఫోర్డు సంస్థ తన పోలీసు కార్లలో ఇంజను ఎన్ని గంటలు నడిచిందో చూపే మీటరు పెట్టింది. ఒక గంట నిలబడి నడిచిన ఇంజను అరుగుదల సుమారు 33 మైళ్ల ప్రయాణానికి సమానమని ఆ సంస్థ లెక్క. అక్కడ పాత పోలీసు క్రౌన్ విక్టోరియా కొనేవాళ్లు ముందు ఆ గంటలనే చూస్తారట. 2011లో ఆ కారు తయారీ ఆగిపోయినా దాని కోసం వెదికేవాళ్లు ఇంకా ఉన్నారంటే, బరువైన ఫ్రేము, సులువైన మరమ్మతు ముఖ్య కారణాలు. మన పాత బొలెరోకూ ఆ రెండు గుణాలు ఉన్నాయి: కింద నిచ్చెన లాంటి ఇనుప ఫ్రేము, 2,523 సీసీ డీజిలు ఇంజను, ఏ ఊళ్లోనైనా దాన్ని విప్పగల మెకానిక్కు. గంటల మీటరు ఒక్కటే లేదు.

అందువల్ల వేరే గుర్తులు వెదుక్కోవాలి. మా వీధి చివర షెడ్డు నడిపే చిత్తూరు మనిషిని నేను వెంట తీసుకుపోయాను. “మీటరు సంగతి నాకొదిలెయ్యండి సార్, ముందు క్లచ్చి పెడలు మీద రబ్బరు చూడండి, తర్వాత డ్రైవరు సీటు చూడండి” అన్నాడు. పెడలు రబ్బరు నున్నగా అరిగి, డ్రైవరు సీటు ఒక పక్కకు కుంగితే మీటరు ఎంత తక్కువ చూపినా నమ్మనక్కరలేదు. ఆ తర్వాత అతడు పైకప్పు ఎక్కినంత పని చేశాడు. దీపాల పట్టీ బిగించడానికి, యాంటెనా నిలబెట్టడానికి కప్పుకు రంధ్రాలు వేస్తారు. శాఖ సామాను విప్పుకున్నాక ఆ రంధ్రాలు అలాగే మిగులుతాయి. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాలు కురిసే చెన్నైలో, సముద్రపు ఉప్పుగాలి ఉన్న చెన్నైలో, ఒక చిన్న రంధ్రం రెండు వర్షాకాలాల్లో లోపలి కప్పునంతా తినేస్తుంది. రేకు అతికి, వెల్డింగు చేసి, ప్రైమరు పూసి పెయింటు వేయడానికి ఎంత అవుతుందో పాటకు ముందే అంచనా కట్టాలి. బానెట్ కింద చూడవలసింది వైర్లు. సైరనుకు ఒకటి, దీపాలకు ఒకటి, వైర్‌లెస్సుకు ఒకటి అంటూ బ్యాటరీ నుంచి నేరుగా లాగిన వైర్లను తెంపి, టేపు చుట్టి వదిలేస్తారు. ఆ తెగిన కొసల్లో కరెంటు ఉంటుంది. మంటలు రావడానికి అదొక్కటి చాలు గనుక కొన్నాక చేయించవలసిన మొదటి పని వైరింగు అంతా విప్పించి, అదనపు తీగలు పీకించడమే. నీట మునిగిన బండి కాదని తేల్చుకోవడం కూడా అంత అవసరం. 2015 డిసెంబరు వరదలోనూ, 2023 డిసెంబరులో మిచౌంగ్ తుపానుకూ ఈ నగరంలో మునిగిన వాహనాలకు లెక్క లేదు. సీటు బెల్టును చివరి దాకా లాగి చూస్తే ఒండ్రు చార కనిపిస్తుంది. వేలం షరతుల్లో ‘ఉన్నది ఉన్నట్టుగా, ఉన్నచోటనే’ అని రాసి ఉంటుంది కాబట్టి తర్వాత చేసే ఫిర్యాదుకు చెల్లుబాటు ఉండదు. నడిపి చూడనివ్వరు, కొన్నింటికి బ్యాటరీ కూడా ఉండదు.

బండి మన పేరుకు మారింది. ఇక దాని వేషం. ఎర్రబుగ్గ కారు మీద మన జనానికి ఉన్న మోజు 2017 మే 1న కేంద్రం బుగ్గలు తీసేయించినంత మాత్రాన పోలేదు. అది స్టిక్కర్లలోకి, సైరన్లలోకి మారింది. ఆ తర్వాత వచ్చిన నిబంధనల ప్రకారం ఎరుపు, నీలం, తెలుపు దీపాలు అత్యవసర విధుల్లో ఉన్న పోలీసు, అగ్నిమాపక, విపత్తు నిర్వహణ తదితర వాహనాలకే చెల్లుతాయి. పలు స్వరాల హారను కూడదని 119వ నియమం చెబుతుంది. విధుల్లో ఉన్న పోలీసు, అంబులెన్సు, అగ్నిమాపక వంటి వాహనాలకు మాత్రం వెసులుబాటు. ముందు బంపరుకు బిగించే ఇనుప కమ్మీల చట్రాన్ని కూడదని 2017 డిసెంబరులో రవాణా శాఖ రాష్ట్రాలకు రాసింది. పోలీసు బొలెరోలకు అది తరచుగా ఉంటుంది, కొన్నవారు దాన్ని ముచ్చటపడి ఉంచుకుంటారు, ఫైను కడతారు. ప్రమాదంలో ఎయిర్‌బ్యాగు సరిగ్గా విచ్చుకోకపోవడం, ఎదుటి పాదచారికి దెబ్బ మరింత గట్టిగా తగలడం దాని అసలు అపాయాలు. ప్రభుత్వ వాహనాల మీద కనిపించే తమిళ ‘అ’ అక్షరం, ‘జీ’ అక్షరం, తమిళంలో పోలీసు అని చెప్పే ‘కావల్’ అన్న రాత, అద్దం మీది విభాగం పేరు, ఇవన్నీ పోవాలి. 2024 మే 2 నుంచి చెన్నై ట్రాఫిక్ పోలీసులు సొంత వాహనాల మీద పోలీసు, ప్రెస్సు, అడ్వకేటు వంటి స్టిక్కర్లకు జరిమానా వేయడం మొదలుపెట్టినప్పుడు అందులో పోలీసుల సొంత వాహనాలను కూడా వదలబోమన్నారు. ఉద్యోగంలో ఉన్న ఇన్‌స్పెక్టరు సొంత కారుకే లేని హక్కు నా పాత బొలెరోకు ఎక్కడి నుంచి వస్తుంది?

స్టిక్కరు పీకినా పాత పెయింటు మీద అక్షరాల నీడ మిగులుతుంది. ఎండకు చుట్టూ ఉన్న రంగు వెలిసి, అక్షరాల కింది రంగు వెలియక, దూరం నుంచి కూడా ‘పోలీసు’ అని చదవడానికి వీలవుతుంది. అది చట్టవిరుద్ధమని ఏ సెక్షనూ చెప్పకపోయినా నేను రంగు మార్పించాను. మార్చిన రంగును ఆర్సీలో ఎక్కించుకున్నాను, ఎందుకంటే ఆర్సీలో తెలుపని ఉండి బండి బూడిదరంగులో ఉంటే తనిఖీలో తలనొప్పి తప్పదు. ఏ రంగైనా వేసుకోవచ్చు గాని సైన్యం వాడే ఆలివ్ గ్రీన్ మాత్రం వేయకూడదు. 121వ నియమం ప్రకారం అది రక్షణ శాఖ వాహనాలకే ప్రత్యేకం. పాత జిప్సీ కొన్న కుర్రవాళ్లు మొదట వేయించేది ఆ రంగే అన్నది వేరే సంగతి.

నా ప్రతిపాదనకు ఎదురుగా ఒక బలమైన అభ్యంతరం ఉంది, దాన్ని దాటవేయడం న్యాయం కాదు. 2020 ఏప్రిల్‌లో కెనడాలోని నోవా స్కోషియా రాష్ట్రంలో ఒక వ్యక్తి అచ్చం పోలీసు కారులాంటి కారులో తిరిగి 22 మందిని చంపాడు. ఆ కారు అక్కడి ప్రభుత్వం మిగులు సామాను వేలంలో అమ్మిన పాత పోలీసు కారే. తర్వాత అక్కడి కేంద్ర ప్రభుత్వం అలాంటి కార్ల అమ్మకాన్ని నిలిపివేసింది. ఆ రాష్ట్రం పోలీసు గుర్తులు, సామగ్రి ఎవరి దగ్గర ఉండవచ్చో నిర్దేశిస్తూ చట్టం చేసింది. ఆ వార్త గుర్తున్న ఒక మిత్రుడు, ముందుగానే విరివిగా అమ్మమంటావా అని నన్ను నిలదీశాడు. నా సమాధానం ఇది. ఆ కారు అమ్మినప్పుడు దాని మీద గుర్తులు లేవు. అక్షరాలూ దీపాలూ తర్వాత అతికించినవి. అటువంటి అక్షరాలు ఏ తెల్ల కారు మీదనైనా అతుకుతాయి, బొలెరో అయితే షోరూములో ఎవరికైనా దొరుకుతుంది. మన ఊళ్లలో నకిలీ పోలీసుల వార్తలు చదివినప్పుడల్లా కనిపించేది ఖాకీ దుస్తులు, ఒక గుర్తింపు కార్డు, గట్టి గొంతు. వేలంలో కొన్న జీపు కాదు. పోలీసునని నటించేవాడికి భారతీయ న్యాయ సంహిత 204వ సెక్షన్ 6 నెలలకు తగ్గని, 3 ఏళ్ల దాకా జైలుశిక్ష విధిస్తున్నది. కాబట్టి నిషేధించవలసింది గుర్తుల చలామణీని. అయినా ఆ మిత్రుడి భయంలో నేను ఒప్పుకోవలసిన భాగం ఉంది: తెల్ల రంగు, కప్పు మీద రంధ్రాలు, అక్షరాల నీడ ఉన్న కారు ఆ దుర్మార్గుడి పనిని సగం తేలిక చేస్తుంది. అందుకే గుర్తులు తొలగించే బాధ్యతను కొన్నవాడి మర్యాదకు వదలకూడదు. వేలానికి ముందే శాఖ తన వర్క్‌షాపులో దీపాలు, సైరను, వైర్లు, చట్రం విప్పి, రాతలు గీకి, రంధ్రాలు మూసి, ఆ మేరకు ఒక ధ్రువపత్రం ఇవ్వాలి. పేరు మార్పిడి దరఖాస్తుకు ఆ పత్రాన్ని కూడా జతపరచమని అడిగితే, ఆర్టీఓ బల్ల దగ్గర రెండో తనిఖీ జరిగినట్టవుతుంది. దానికయ్యే ఖర్చును కనీస ధరలో కలుపుకోమనండి. నేను సంతోషంగా కడతాను.

నాయుడుపేటలో వ్యవసాయం చేసే మా బావమరిది ఈ బొలెరోను చూసిన దగ్గర నుంచి, “బావా, నాకూ ఒకటి పాడిపెట్టు” అని పోరుతున్నాడు. అతడికి నేను చెప్పేది ఒక్కటే: ఇక్కడ నా పేరున పాడి అక్కడ నువ్వు తిప్పితే కుదరదు. పాట పాడినవాడి పేరునే అమ్మకపు ధ్రువీకరణ వస్తుంది. పేరు మారాక ఇక్కడి ఆర్టీఓ నుంచి ఎన్‌ఓసీ, అంటే నిరభ్యంతర పత్రం తీసుకోవాలి. వేరే రాష్ట్రంలో 12 నెలలకు మించి ఉంచే వాహనానికి అక్కడి నంబరు తీసుకోవాలని 47వ సెక్షన్ చెబుతుంది, ఆంధ్రాలో పన్ను మళ్లీ కట్టాలి. రెండు రాష్ట్రాల పన్నులూ, రంగూ, వైరింగూ, కప్పూ లెక్క వేస్తే, నెల్లూరులోనే ఒక రైతు వాడిన బొలెరో అతడికి చవకగా వస్తుంది. సరిహద్దు దాటించే ఉద్దేశం ఉన్నవారు ఈ వేలాల జోలికి రాకపోవడమే మంచిదని నా అభిప్రాయం. అతడు ఇంకా ఒప్పుకోలేదు.

రేపు నేను దీన్ని అమ్మినా, కొనేవారికి ఆర్సీతోపాటు వేలం ఉత్తర్వు నకలు, అమ్మకపు ధ్రువీకరణ, రంగు మార్పు నమోదైన కాగితం కూడా ఇవ్వవలసి ఉంటుంది. రికార్డులో మొదటి యజమానిగా ఒక పోలీసు అధికారి హోదా కనిపించగానే, తనిఖీలో నిలబెట్టిన కానిస్టేబులు ‘ఇది నీ చేతికి ఎలా వచ్చింది’ అని అడుగుతాడు. నన్ను ఆపినప్పుడు అడిగారు. డ్యాష్‌బోర్డులో ఉన్న ఆ నకలు చూపించాను, చదివి పంపించేశారు.